ఆట గుర్తుండటం లేదా? లోపం బిళ్ల బ్యాటరీది

గేమ్‌బాయ్ క్యాసెట్‌ను పారేయకండి.. విప్పే ముందు మాత్రం ఒక్క క్షణం ఆగండి

తిరుపతి: వేసవి సెలవుల్లో అటక దులిపినప్పుడు పాత ఇనుప పెట్టెలోంచి అరచేతిలో ఇమిడే బూడిదరంగు ఆట యంత్రం బయటపడుతుంది. దానితోపాటు అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దవైన నాలుగైదు క్యాసెట్లు. ఒకప్పుడు కువైట్ నుంచి మామయ్య తెచ్చినవో, చెన్నై బర్మా బజారులో బేరమాడి కొన్నవో అయి ఉంటాయి. పెన్సిల్ సెల్స్ నాలుగు వేయగానే తెరపై బొమ్మ వస్తుంది, పాట మోగుతుంది. అయితే పాతికేళ్ల కిందట పెద్దబ్బాయి సగం వరకు ఆడి భద్రపరిచిన ఆట మాత్రం కనిపించదు. అతడు పెట్టుకున్న పేరు గానీ, చేరుకున్న మజిలీ గానీ ఉండవు. మళ్లీ మొదటి నుంచి ఆడి సేవ్ చేసినా, స్విచ్ ఆపి వేసేసరికి అంతా మొదటికే వస్తుంది.

ఇలాంటి క్యాసెట్‌ను పాడైపోయిందని చెత్తబుట్టలో వేసే ఇళ్లు ఎన్నో. నిజానికి అందులో చాలా సందర్భాల్లో పాడయ్యేది రూపాయి బిళ్ల కన్నా కాస్త చిన్నదైన ఒక బ్యాటరీ మాత్రమే. దానిని మార్చుకుంటే క్యాసెట్ మరో పదిహేను, ఇరవై ఏళ్లు సేవలందిస్తుంది. కానీ ఒక హెచ్చరిక. బ్యాటరీ ఇంకా కొన ఊపిరితో ఉన్న క్యాసెట్‌ను తొందరపడి విప్పితే, అప్పటివరకు నిలిచి ఉన్న జ్ఞాపకం మన చేతులతోనే చెరిగిపోతుంది. ఏ క్యాసెట్‌ను ఎలా పరీక్షించాలి, ఏది ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి అన్న వివరాలివి.

లోపల జరిగేది ఇదీ

జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ గేమ్‌బాయ్‌ను 1989 ఏప్రిల్ 21న విడుదల చేసింది. ఇది, 1998లో వచ్చిన గేమ్‌బాయ్ కలర్ కలిసి ప్రపంచవ్యాప్తంగా 11.86 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. అంతకుముందు తరం ఆటల్లో చాలావాటికి మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించే వీలే లేదు. కొన్ని ఆటలు ఒక రహస్య పదాన్ని తెరపై చూపేవి. పిల్లలు దానిని నోటు పుస్తకం చివరి పేజీలో రాసుకుని మరునాడు మళ్లీ అక్షరం అక్షరం కొట్టేవారు. 1987లో అమెరికాలో విడుదలైన లెజెండ్ ఆఫ్ జెల్డా క్యాసెట్‌లో బ్యాటరీ సాయంతో ఆటను భద్రపరిచే ఏర్పాటు వచ్చింది. అదే పద్ధతి తరువాత గేమ్‌బాయ్ క్యాసెట్లలోకీ ప్రవేశించింది.

క్యాసెట్ లోపల రెండు రకాల మెమరీ చిప్‌లుంటాయి. మొదటిది ఆటను దాచిన చిప్. కర్మాగారంలో రాసిన ఈ ఆట విద్యుత్తు లేకపోయినా చెరగదు. అందుకే బ్యాటరీ అయిపోయినా ఆట మామూలుగానే ఆడుతుంది. రెండోది ఆటగాడి ప్రగతిని దాచే చిప్. దీనిని స్టాటిక్ ర్యామ్ అంటారు. ఇందులో పట్టేది సాధారణంగా 8 లేదా 32 కిలోబైట్లు మాత్రమే. అంత చిన్న సమాచారమైనా నిలవాలంటే దానికి నిరంతరం విద్యుత్తు అందుతూ ఉండాలి. ధార ఒక్కసారి తెగితే సమాచారం చెదిరిపోతుంది.

ఇంట్లోని ఇన్వర్టర్‌ను తలచుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. కరెంటు ఉన్నంతసేపు ఫ్యాను లైను మీదే తిరుగుతుంది. కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకుంటుంది. క్యాసెట్‌లోనూ అంతే. యంత్రం స్విచ్ వేసి ఉన్నంతసేపు మెమరీకి యంత్రంలోని పెన్సిల్ సెల్స్ నుంచే విద్యుత్తు అందుతుంది. స్విచ్ ఆపిన మరుక్షణం ఒక చిన్న చిప్ ఆ భారాన్ని బిళ్ల బ్యాటరీకి అప్పగిస్తుంది. ఒక తేడా మాత్రం ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీ కరెంటు రాగానే తిరిగి నిండుతుంది. క్యాసెట్‌లోని బిళ్ల బ్యాటరీ ఎన్నటికీ నిండదు, తరుగుతూనే ఉంటుంది.

పద్దెనిమిదేళ్ల లెక్క

ఈ బ్యాటరీ ఎంతకాలం వస్తుందో కాగితం మీద లెక్క కట్టవచ్చు. క్యాసెట్లలో ఎక్కువగా కనిపించేవి సీఆర్2025, సీఆర్1616 రకాలు. పేరులోనే కొలతలున్నాయి. సీఆర్2025లో మొదటి రెండంకెలు 20 మిల్లీమీటర్ల వ్యాసాన్ని, చివరి రెండంకెలు 2.5 మిల్లీమీటర్ల మందాన్ని తెలుపుతాయి. సీఆర్1616 అంటే 16 మిల్లీమీటర్ల వ్యాసం, 1.6 మిల్లీమీటర్ల మందం. రెండింటి వోల్టేజీ 3 వోల్టులే.

సీఆర్2025 సామర్థ్యం సుమారు 160 మిల్లీ ఆంపియర్ అవర్లు. మెమరీ చిప్ విశ్రాంతి స్థితిలో ఒక మైక్రో ఆంపియర్ తీసుకుంటుందనుకుందాం. అప్పుడు బ్యాటరీ 1,60,000 గంటలు రావాలి. ఏడాదికి 8,760 గంటల చొప్పున భాగిస్తే 18 ఏళ్లు దాటుతుంది. చిప్ వినియోగం ఇంతకన్నా తక్కువైతే ఎక్కువ కాలం, ఎక్కువైతే తక్కువ కాలం వస్తుంది. 1990ల నాటి క్యాసెట్లు వరుసగా మతిమరుపు పాలవడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

జపాన్‌లో 1999లో వచ్చిన పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటల్లో మరో సంగతి ఉంది. ఆటలో పగలు, రాత్రి నడిపించే గడియారం కూడా ఇదే బ్యాటరీపై ఆధారపడింది. అందువల్ల 1996 నాటి తొలి పోకెమాన్ క్యాసెట్ల కన్నా తరువాత వచ్చినవే ముందుగా ఖాళీ కావడం సర్వసాధారణం.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. ఆడితే బ్యాటరీ అరుగుతుందని, ఆడకుండా దాచితే పదిలంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. ఆడుతున్నంతసేపు బిళ్ల బ్యాటరీపై భారం ఉండదు. అటక మీద ఊరికే పడి ఉన్నప్పుడే అది రాత్రింబవళ్లు పనిచేస్తుంది. దానికి తోడు వేడి బ్యాటరీని త్వరగా క్షీణింపజేస్తుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతపు ఎండలో, కాంక్రీటు కప్పును ఆనుకుని ఉండే అటక ఇలాంటి వస్తువులకు తగిన చోటు కాదు.

బ్యాటరీల గడ్డపై ఏ బ్యాటరీ?

తిరుపతి ప్రాంతానికి బ్యాటరీలు కొత్త కాదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ కరకంబాడి నుంచి వాహనాలకు, ఇన్వర్టర్లకు సీసం-ఆమ్లం బ్యాటరీలను దేశమంతటికీ అందించి ఊరికి పేరు తెచ్చింది. 2022 సెప్టెంబరులో తిరుపతిలోని ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయంలో మునోత్ ఇండస్ట్రీస్ లిథియం-అయాన్ సెల్స్ కర్మాగారంలో ముందస్తు ఉత్పత్తి మొదలైంది. సెల్‌ఫోన్లలో వాడే రకమిది.

క్యాసెట్‌లోనిది ఈ రెండూ కాదు. పేరులో లిథియం ఉన్నా ఇది రీచార్జ్ చేయరాని రకం. చూడటానికి అచ్చం అలాగే ఉండి, ఎల్ఐఆర్2032 వంటి పేర్లతో దొరికే రీచార్జబుల్ బిళ్లలను క్యాసెట్‌లో వేయరాదు. వాటి వోల్టేజీ పూర్తి చార్జింగ్‌లో 4.2 వోల్టుల వరకు ఉంటుంది. 3 వోల్టులకు రూపొందించిన చోట అది తగదు. పైగా క్యాసెట్‌లో దానిని తిరిగి నింపే ఏర్పాటూ లేదు.

డెస్క్‌టాప్ కంప్యూటర్ మదర్‌బోర్డులో ఉండే సీఆర్2032 క్యాసెట్‌లోని దానికి దగ్గరి చుట్టం. ఆపి వేసిన ప్రతిసారీ కంప్యూటర్ ఏళ్ల కిందటి తేదీ చూపిస్తుంటే ఆ బిళ్ల అయిపోయిందని అర్థం. వ్యాసం, వోల్టేజీ ఒకటే అయినా ఇది సీఆర్2025 కన్నా 0.7 మిల్లీమీటర్లు మందం. కొన్ని క్యాసెట్లలో సరిపోతుంది, కొన్నింటిలో మూత సరిగా పడదు. కాబట్టి పాత బిళ్ల మీద ఏ సంఖ్య ఉందో అదే తీసుకోవడం ఉత్తమం.

ముందు నిర్ధారణ

బ్యాటరీ మార్చే ముందు లోపం దానిదేనని తేల్చుకోవాలి.

ఆట అసలే మొదలు కాకపోయినా, తెరపై పిచ్చిగీతలు వచ్చినా కారణం బ్యాటరీ కాదు. క్యాసెట్ అంచున ఉండే బంగారు రంగు పట్టీలకు పట్టిన మురికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే సరిపోతుంది. నోటితో ఊదే అలవాటు మానుకోవాలి. ఊపిరిలోని తేమ ఆ పట్టీలకు మంచిది కాదు.

ఆట చక్కగా నడుస్తూ, సేవ్ అయినట్లు చెప్పి, స్విచ్ ఆపి వేశాక మాత్రం కొత్త ఆట మొదలుపెట్టమని అడిగితే బ్యాటరీని అనుమానించాలి. మూత తీశాక మల్టీమీటర్‌తో కొలిస్తే అనుమానం తీరుతుంది. కొత్త బిళ్ల 3 వోల్టులకు పైగా చూపుతుంది. 2.5 వోల్టులకు దిగితే చివరి దశకు చేరినట్లే. మెమరీ చిప్‌లకు సమాచారం నిలుపుకోవడానికి సాధారణంగా 2 వోల్టులైనా కావాలి.

అన్ని క్యాసెట్లలోనూ బ్యాటరీ ఉండదు. అందరూ ఎరిగిన టెట్రిస్ గేమ్‌బాయ్ క్యాసెట్‌లో సేవ్ చేసే ఏర్పాటే లేదు. 1990ల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించుకుని ఆడిన నకలు వీడియో గేముల పసుపు క్యాసెట్లలోనూ చాలావరకు ఇదే పరిస్థితి. వాటిని విప్పి బ్యాటరీ కోసం వెతకడం వృథా ప్రయాస.

2001లో వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ సంగతి వేరు. దాని క్యాసెట్లు చాలావాటిలో బ్యాటరీ అవసరం లేని ఫ్లాష్ వంటి మెమరీ వాడారు. పోకెమాన్ రూబీ, సఫైర్, ఎమరాల్డ్ ఆటల్లో బ్యాటరీ ఉన్నా అది గడియారానికి మాత్రమే. లోపలి బ్యాటరీ అయిపోయిందన్న సందేశం వచ్చినా సేవ్ చేసిన ఆటకు ముప్పు లేదు. కాలాన్ని బట్టి జరిగే సంఘటనలు మాత్రమే ఆగిపోతాయి. ఈ ఆటలు అసలే సేవ్ కాకపోతే క్యాసెట్ నకిలీదేమో చూసుకోవాలి. అసలైన క్యాసెట్‌లోని బోర్డుపై నింటెండో పేరు ముద్రించి ఉంటుంది.

విప్పకముందే చేయవలసింది

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇది. పాత ఆట ఇప్పటికే పోయి ఉంటే దిగులు పడి ప్రయోజనం లేదు. చెదిరిపోయిన స్టాటిక్ ర్యామ్ సమాచారాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు. కానీ పాత ఆట ఇంకా కనిపిస్తూ ఉంటే, ఆ క్యాసెట్‌పై సోల్డరింగ్ ఐరన్ పెట్టకూడదు. పాత బిళ్లను తొలగించిన క్షణంలోనే మెమరీకి ఆధారం తెగిపోతుంది. కొత్త బిళ్ల ఎంత త్వరగా పెట్టినా పోయినది రాదు.

దీనికి మార్గాలు మూడు. మొదటిది, అన్నిటికన్నా క్షేమకరమైనది, క్యాసెట్ రీడర్. జీబీఎక్స్‌కార్ట్ వంటి చిన్న పరికరాలను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించి, క్యాసెట్‌లోని సేవ్‌ను ఫైలుగా దించుకోవచ్చు. 32 కిలోబైట్ల ఆ ఫైలు మామూలు సెల్‌ఫోన్ ఫొటోలో సుమారు నూరో వంతు. బ్యాటరీ మార్చాక అదే ఫైలును తిరిగి క్యాసెట్‌లోకి ఎక్కించవచ్చు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న అన్నకు మెయిల్‌లో పంపవచ్చు కూడా.

రెండోది పోకెమాన్ వంటి ఆటలకు మాత్రమే పనికివచ్చే పాత పద్ధతి. రెండు యంత్రాలను లింక్ కేబుల్‌తో కలిపి, పెంచుకున్న పాత్రలను మిత్రుడి క్యాసెట్‌లోకి మార్చి, బ్యాటరీ వేశాక తిరిగి తెచ్చుకోవడం. పాత్రలు దక్కుతాయి గానీ ఆట మాత్రం మొదటి నుంచి ఆడాలి.

మూడోది, క్యాసెట్‌కు బయటి నుంచి విద్యుత్తు అందిస్తూనే బిళ్ల మార్చడం. ఇది సాధ్యమే అయినా ప్రమాదకరం. ఐరన్ కొన ఒక్కసారి జారినా షార్ట్ అయి సేవ్‌తోపాటు చిప్ కూడా పోవచ్చు. చేయి తిరిగిన మెకానిక్‌కు తప్ప ఇతరులకు తగదు.

మార్చే పద్ధతి

గేమ్‌బాయ్ క్యాసెట్‌కు ఒకే ఒక స్క్రూ ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్ దానికి పట్టదు. 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేక బిట్ కావాలి. గేమ్‌బాయ్ అడ్వాన్స్ క్యాసెట్లకు మూడు రెక్కల బిట్ అవసరం. ఆన్‌లైన్‌లో ఇవి దొరుకుతాయి. ఎలక్ట్రానిక్ విడిభాగాల కోసం సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి వచ్చే మెకానిక్‌లకు వాటిని తెప్పించడం కష్టం కాదు.

కొనవలసింది మామూలు బిళ్ల కాదు. రెండు వైపులా లోహపు ఆకులు ముందే వెల్డింగ్ చేసి ఉన్నది అడగాలి. మామూలు బిళ్ల మీద నేరుగా సోల్డరింగ్ చేయరాదు. 300 డిగ్రీలు దాటిన ఐరన్ వేడికి బిళ్ల ఉబ్బి కారవచ్చు, పగలవచ్చు. పాత ఆకుల మధ్య కొత్త బిళ్లను దూర్చి టేపు చుట్టే పద్ధతి కూడా కొందరు వాడతారు. అది కొన్నాళ్లే. పట్టు కాస్త సడలినా ఆట మళ్లీ చెరిగిపోతుంది.

పని వరుస ఇదీ. స్క్రూ తీసి, మూతను కిందికి జరిపి ఎత్తాలి. బోర్డును సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. బిళ్ల ప్లస్, మైనస్ ఏ వైపున్నాయో ఆ ఫొటోలో స్పష్టంగా కనిపించాలి. బోర్డు మీద ప్లస్ గుర్తు ఉంటే దానినీ గమనించాలి. తరువాత ఒక్కో ఆకు దగ్గర టంకాన్ని కరిగించి మెల్లగా పైకి లేపాలి. టంకం కరగకముందే బలవంతంగా పీకితే బోర్డు మీది సన్నని రాగి గీత ఊడివస్తుంది. ఈ పనిలో క్యాసెట్లు శాశ్వతంగా పాడయ్యేది చాలావరకు ఇక్కడే.

మిగిలిన పాత టంకాన్ని రాగి అల్లికతో తీసేసి, కొత్త బిళ్లను ఫొటోలో ఉన్నట్లే పెట్టి, రెండు ఆకులను అతకాలి. ఐరన్‌ను ఒక్కో చోట రెండు, మూడు సెకన్లకు మించి ఆనించకూడదు. బిళ్ల రెండు కొసలు ఎక్కడా కలవకుండా చూసి, వోల్టేజీ కొలిచి, మూత బిగించాలి. కిటికీ తెరిచి పని చేయాలి. టంకంలో సీసం ఉండవచ్చు కనుక ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మొదటిసారి వేయగానే పాత ఆట కనిపించకపోతే కంగారు అక్కర్లేదు. మెమరీలో అర్థం లేని సమాచారం ఉంటుంది. ఆట దానిని గుర్తించి కొత్తగా మొదలవుతుంది. కాసేపు ఆడి సేవ్ చేసి స్విచ్ ఆపాలి. వెంటనే వేసి చూడటం చాలదు. ఒక రాత్రి గడిచాక చూడాలి. తెల్లవారాక కూడా ఆట నిలిచి ఉంటే పని పూర్తయినట్లే.

పిల్లలున్న ఇంట్లో

పాత బిళ్లను బల్ల మీద వదిలేయడం పెద్ద ప్రమాదం. 20 మిల్లీమీటర్ల బిళ్లను చిన్నపిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అక్కడి తేమలో విద్యుత్తు ప్రవహించి రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం చేయగలదు. ఆటకు పనికిరాని బిళ్లలోనూ ఆ హాని చేయగల శక్తి మిగిలే ఉంటుంది. మింగినట్లు అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. లేదా రుయా వంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాలి.

తీసిన బిళ్లకు రెండు వైపులా టేపు అంటించి విడిగా ఉంచాలి. ఇంటి చెత్తలో కలపకూడదు. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను ఇతర చెత్తతో కలపకుండా విడిగా అప్పగించవలసిన బాధ్యత వినియోగదారుడిది.

గుర్తుంచుకోవలసినవి

* పాత ఆట కనిపిస్తోందా లేదా అన్నది ముందు చూడండి. కనిపిస్తే, విప్పే ముందు నకలు తీసుకోండి.
* బిళ్ల మీది సంఖ్యనే అడిగి కొనండి. ఆకులు వెల్డింగ్ చేసినదే తీసుకోండి. రీచార్జబుల్ రకం వద్దు.
* సోల్డరింగ్ అలవాటు లేకపోతే సెల్‌ఫోన్ బోర్డులు బాగుచేసే మెకానిక్‌కు ఇవ్వండి. ఫొటో తీసి, ప్లస్, మైనస్ చూపించండి.
* కొత్త బిళ్ల వేసిన నెల, సంవత్సరం చిన్న కాగితంపై రాసి క్యాసెట్ లోపల అతికించండి. పదిహేనేళ్ల తరువాత విప్పేవారికి అది పనికొస్తుంది.
* క్యాసెట్లను అటక నుంచి దించి, ఎండ తగలని బీరువాలో ఉంచండి.

పాతికేళ్లు దాటిన క్యాసెట్లలోనూ ఇంకా పనిచేస్తున్న బిళ్లలు కొన్ని ఉంటాయి. మీ అటక మీద ఉన్నది వాటిలో ఒకటేమో, ఈ ఆదివారమే దించి చూడండి.